పథ్యంలో ఒట్టి తెల్లన్నమే, బాలింతకి అరికాళ్ళు తిమ్మిర్లు, ఏటి చెయ్యాలి?

మాది పలాస దగ్గర పల్లె. చెల్లి పురిటికొచ్చింది, పాప పుట్టి 40 రోజులు. అమ్మ పథ్యమని తెల్లన్నం, వెల్లుల్లి కారం అంతే పెడతాది, పప్పు తింటే పాపకి కడుపునొప్పి, కూరలు చలవ అంటాది. ఇప్పుడు చెల్లికి అరికాళ్ళు తిమ్మిర్లు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మా అమ్మమ్మ రంగూన్ నుంచి వచ్చేసిన మనిషి, అక్కడ బాలింతలకి ఇలగే కాళ్ళు పట్టు తప్పేవని చెప్పేది, అందుకే భయంగా ఉంది. ఐరన్ మాత్రలు వేసుకుంటోంది, సరిపోవా?

జవాబు 1:
తమ్ముడూ, నేను విజయనగరంలో నర్సుని. ఆ మాత్రల్లో ఐరన్, ఫోలిక్ ఆసిడ్ ఉంటాయి గానీ బి1 విటమిన్ ఉండదు, అది తగ్గినా ఇలగే తిమ్మిర్లొస్తాయి. బర్మా నుంచి పారిపోయొచ్చిన కరెన్ జనం థాయిలాండ్ బోర్డర్లో శిబిరాల్లో ఉంటారు కదా, అక్కడ రేషన్ తెల్లబియ్యం, పైగా పురుడయ్యాక తిండి కట్టడి, రెండు మూడు నెలల పసివాళ్ళు ఉన్నట్టుండి పోయేవారు, తల్లిపాలల్లో బి1 లేకే అని తేలింది, తల్లులకి బి1 ఇచ్చాక ఆ చావులు బాగా తగ్గాయి. ఒంట్లో బి1 నిల్వ రెండు మూడు వారాలకి మించి ఆగదు, తల్లి తిరుగుతూనే ఉంటాది, బిడ్డకి మాత్రం అందదు. ఆయాసం రక్తం తక్కువైనా, గుండె వల్లైనా రావచ్చు, రేపే డాక్టర్‌కి చూపించండి. పాప ఏడిస్తే గొంతు రాకుండా ఒట్టి నోరు తెరిచినా, ఎగశ్వాస వచ్చినా, పాలు మానేసినా రాత్రని చూడకుండా బేగి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి, ఇది బి1 లోపమైతే ఇంజక్షన్ పడిన గంటల్లోనే తేరుకుంటారు.

జవాబు 2:
బాబూ, బెరిబెరి, అంటే ఈ బి1 లోపంతో వచ్చే జబ్బు, మన కోస్తాకి కొత్త కాదు, మిల్లు పట్టిన పచ్చిబియ్యం తినే మన వైపు ఉండేది, ఉప్పుడు బియ్యం తినే తమిళుల్లో తక్కువ, ధాన్యం ఉడికినప్పుడు తవుట్లో బి1 గింజలోకి దిగుతాది. మా అత్తగారు బియ్యం నాలుగు నీళ్ళు కడిగేది, పాలలాగ పోతుంటే శుభ్రమవుతున్నాయని సంబరం, మళ్ళీ గంజి వార్చి కుడితిలో పోసేది. ఉన్న కాస్తా అందులోనే పోయేది. గంజి పారబొయ్యకండి, చోడి అంబలి, పెసరకట్టు పెట్టండి. భోజనమవ్వగానే బాలింతకి తాంబూలమిస్తారు కదా, వక్క, టీ రెండూ బి1ని పాడుచేస్తాయి, కొన్నాళ్ళు మానిపించండి.

ప్రశ్న అడిగినవాడినే:
అక్కా, రాత్రే మీ జవాబులు అమ్మకి చదివి వినిపించాను. పొద్దున్నే డాక్టర్‌కి చూపించాం, రక్తం కూడా తక్కువుందట, బి1 మొదలెట్టారు, పాప గొంతు, గుండె బాగున్నాయన్నారు. మధ్యాహ్నం అమ్మే పెసరకట్టు పెట్టింది, పెట్టి, పాప కడుపు మీద చెయ్యేసి కూర్చుంది.