వంజంగి కొండకు వచ్చే జనానికి హద్దు పెట్టాలా?

చర్చ మొదలుపెట్టినవారు:
పాడేరు దగ్గరి వంజంగి కొండ మీదికి చలికాలమంతా మబ్బులు చూడ్డానికి జనం విరగబడుతున్నారు. రోజుకు ఇంతమందేనని హద్దు పెట్టాలంటాను. మీరేమంటారు?

విశాఖ కుర్రాడు:
హద్దు పెడితే నష్టపోయేది ఊరివాళ్లే. జీపు తోలేవాళ్లు, టెంట్లు అద్దెకిచ్చేవాళ్లు, తెల్లవారుజామున టీ అమ్మేవాళ్లు ఈ సీజన్ మీదే ఆశ పెట్టుకుంటారు. చెత్తే సమస్యయితే జరిమానా వేయండి. మనుషుల్ని ఆపడమెందుకు?

పాడేరు వాసి:
తమ్ముడూ, టీ కొట్టు సంపాదన కాదనను. కానీ మీరొచ్చే నెలలేంటో చూడు. మాకు కాఫీ పళ్లు ముమ్మరంగా కోసేదీ నవంబరు నుంచి జనవరి దాకానే. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు, మా చేతికి డబ్బొచ్చేది వీటితోనే. కోసిన పళ్లకు తొక్క తీసి, గింజలు కడిగి ఆరబోస్తాం. చీకటితోనే వరస కట్టే బళ్ల దుమ్మంతా దారి పక్క ఆరబోసిన ఆ గింజల మీదే పడుతుంది. కొనేవాడు గుప్పెడు తీసి చూసి ధర తగ్గించేస్తాడు. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిందని సంబరపడ్డాం. ఆ పేరు నిలవాలంటే గింజ శుభ్రంగా ఆరాలి కదా! ఇక కొండ మీద పారేసిన ప్లాస్టిక్ వానకు కొట్టుకొచ్చి గెడ్డలో పడుతుంది. మా గొడ్లు తాగేది ఆ నీళ్లే.

హైదరాబాద్ నుంచి ఒకరు:
గిరిజన ప్రాంతాల భూములకు 1/70 చట్టం ఉంది, బయటివాళ్లు, అంటే గిరిజనేతరులు, అక్కడ భూమి కొనలేరు. ఇంకా భయమేంటండీ?

పాడేరు వాసి:
కొనలేరు, నిజమే. ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు సమతా కేసు తీర్పులో చెప్పింది. కానీ పేరు గిరిజనుడిది, పెట్టుబడి బయటివాడిది అయితే ఆ చట్టం కాగితం మీదే ఉండిపోతుంది. అందుకే అంటున్నా, గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 పెసా చట్టం గ్రామసభకు విలువిచ్చింది. టిక్కెట్టు ఎంత, రోజుకు ఎన్ని బళ్లు, కోత రోజుల్లో ఏ దారి మూయాలి, ఇవన్నీ గ్రామసభే తేల్చాలి. టిక్కెట్టు డబ్బు ఎంతొచ్చిందో ఊళ్లో అందరి ముందూ చదవాలి.

విశాఖ కుర్రాడు:
గ్రామసభ చెబితే నాకు అభ్యంతరం లేదన్నా. కానీ సంక్రాంతి సెలవులకు పిల్లలతో అంత దూరం వచ్చాక కొండ మొదట్లో ఆపేస్తే ఎలా?

పాడేరు వాసి:
అది న్యాయమే. ఆపేదేదో పాడేరులోనే ఆపాలి. మీ బళ్లు అక్కడే పెట్టించి, ఊరి జీపుల్లోనే కొండకు తీసుకెళ్తే దుమ్మూ తగ్గుతుంది, కిరాయీ ఊళ్లోనే ఉంటుంది.