బాత్రూమ్‌లో నల్ల బూజు, కడిగిన మూడు వారాలకే మళ్లీ

ప్రశ్న (విశాఖపట్నం):
మాది ఎంవీపీ కాలనీలో రెండో అంతస్తు ఫ్లాట్. జూలై వచ్చిందంటే బాత్రూమ్ సీలింగ్ మూలన ఆవాలు చల్లినట్టు నల్ల చుక్కలు మొదలవుతాయి. పది రోజుల్లో అరచేయంత మచ్చ. షవర్ దగ్గర టైల్స్ సందుల్లోనూ అంతే. బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో పాత టూత్‌బ్రష్ పెట్టి రుద్దితే తెల్లబడుతుంది, మూడు వారాలు తిరక్కుండా మళ్లీ వస్తుంది. పోయిన దీపావళికి రంగు వేయించాం, సంక్రాంతికల్లా ఆ మూల పెచ్చులుగా ఊడింది. కిటికీ డక్ట్ (పైపులు దిగే ఇరుకు సందు) వైపు, ఎండ తగలదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తూనే ఉన్నాం. మా అత్తయ్యగారికి ఆయాసం. స్నానం చేసి దగ్గుతూ బయటికి వస్తున్నారు, నా టెన్షనంతా అదే. బ్లీచింగ్‌లో కాస్త యాసిడ్ కలిపి కడగమంటోంది మా పనమ్మాయి. కలపొచ్చా?

జవాబు:
కలపొద్దండీ! బ్లీచింగ్, యాసిడ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మూసి ఉన్న బాత్రూమ్‌లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే ఊపిరాడదు. ఒకటి వాడిన చోట అదే పూట రెండోది పోయొద్దు.

జవాబు (కాకినాడ):
అమ్మా, నేను నాలుగు వర్షాకాలాలు ఇదే పడ్డాను. మీరు రాసినదాంట్లో నాకు అనుమానం వచ్చింది సంక్రాంతి మాట దగ్గర. గాలిలో తేమ తగ్గే రోజుల్లో కూడా రంగు ఊడిందంటే పైనుంచి నీరు దిగుతోందేమో. ఆ మూలను బాగా ఆరనిచ్చి, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కవర్ ముక్క పెట్టి నాలుగు వైపులా టేప్ వేయండి. రెండు రోజుల తర్వాత కవర్ లోపలి వైపు, అంటే సీలింగ్ వైపు, చెమ్మ ఉంటే లీకేజీ. బయటి వైపు ఉంటే స్నానం ఆవిరి.

ఫ్యాన్ సంగతి. తలుపు మూసి, ఫ్యాన్ జాలీకి టిష్యూ కాగితం ఆనించి చూడండి. మా ఇంట్లో జారి పడిపోయింది. తలుపు రెండు వేళ్లంత తెరిస్తే ఠక్కున అతుక్కుంది! చీమలు రాకుండా తలుపు కింద నేనే రబ్బరు పట్టీ కొట్టించాను. లోపలికి గాలి రాకపోతే ఫ్యాన్ దేన్ని బయటికి తోస్తుంది? పట్టీ పీకేశాను. స్నానమయ్యాక గోడల మీద నీళ్లు వైపర్‌తో లాగేసి, ఫ్యాన్ అరగంట ఉంచుతాం.

టైల్స్ సందుల్లో సిమెంట్ గ్రౌట్ నీళ్లు పీల్చుకుంటుంది. బ్లీచింగ్‌తో పైన నలుపు పోతుంది, లోపలిది మిగులుతుంది. మేస్త్రితో అది గీకించి, నీళ్లు పీల్చని ఎపాక్సీ గ్రౌట్ పెట్టించాను. ఖర్చు ఎక్కువే, కానీ ఆ సందుల్లో మళ్లీ నలుపు చూడలేదు. మీరు రుద్దే రోజు అత్తయ్యగారిని ఆ దరిదాపులకు రానివ్వకండి. ముందు మచ్చ తడిపి, మాస్క్ పెట్టుకుని రుద్దండి. పొడిగా గీకితే ఆ బూజంతా గాలిలోకి లేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. కవర్ లోపలి వైపే నీటి బొట్లు! టిష్యూ కూడా పడిపోయింది, మాకు రెండు బాధలూ ఉన్నాయన్నమాట. పై ఫ్లాట్ వాళ్లను పిలిచి కవర్ చూపించాను. వాళ్ల నహానీ ట్రాప్ (బాత్రూమ్ నేలలో నీళ్లు పోయే చోటు) చుట్టూ సిమెంట్ విడిపోయి ఉంది. ఆదివారం ప్లంబర్ వస్తున్నాడు. వెంటనే రంగు వేయించేయనా?

జవాబు (కాకినాడ):
ఆగండమ్మా. రిపేరయ్యాక సీలింగ్ ఆరడానికి వారాలు పడుతుంది. మళ్లీ అదే చోట కవర్ అంటించండి. లోపల ఒక్క బొట్టు కూడా లేదంటే అప్పుడు పెయింటర్‌ను పిలవండి.