పెళ్లికూతురి మేకప్‌కు హైదరాబాద్ నుంచే పిలిపించాలా, హనుమకొండలో చూసుకుంటే చాలదా?

కాజీపేట చెల్లె
మా అక్క లగ్గం వైశాఖంలో. హంటర్ రోడ్డులో ఫంక్షన్ హాల్, ముహూర్తం పొద్దున 10 గంటల 42 నిమిషాలకు. అన్నీ కుదిరాయి గానీ మేకప్ దగ్గర ఇంట్లో వారం రోజులుగా పంచాయతీ నడుస్తోంది. అక్కకు హైదరాబాద్‌లో ఒక ఆర్టిస్ట్ పని బాగా నచ్చింది, ఇన్‌స్టాలో ఆమె వీడియోలు రోజూ చూస్తోంది. ఆమె అడిగింది 48 వేలు, కారు ఖర్చు వేరే, ముందు రోజు రాత్రి ఉండటానికి రూము వేరే. ట్రయల్ కావాలంటే మేమే అక్కడికి వెళ్లాలి, దానికి ఇంకో 5 వేలు. సగం డబ్బులు ఇప్పుడే వేస్తేనే తేదీ ఖాయమట. అమ్మ చూసినామె కిషన్‌పురలో ఉంటుంది, మేకప్, జడ, చీర కట్టడం అన్నీ కలిపి 18 వేలు. మిగిలే డబ్బులు బిడ్డ చేతిలో పెడదాం అంటోంది అమ్మ. అక్కేమో జీవితంలో ఒక్కసారి వచ్చే రోజు కదా అంటోంది. ఇద్దరి మాటా నాకు నిజమే అనిపిస్తోంది. పెళ్లిళ్లు చేసినవాళ్లు, చేసుకున్నవాళ్లు చెప్పండి.

సుబేదారి వదిన
హైదరాబాద్ నుంచే పిలిపించండి, డబ్బుల గురించి తర్వాత బాధపడొచ్చు. ఎందుకు చెబుతున్నానంటే మా చిన్నాన్న బిడ్డ పెళ్లిలో ఇక్కడి ఆర్టిస్ట్‌నే పెట్టుకున్నాం. మంచి ముహూర్తం ఉన్న రోజు కాబట్టి ఆమె ఒక్కరోజే ముగ్గురు పెళ్లికూతుళ్లను ఒప్పుకుంది, ఆ సంగతి మాకు ముందు చెప్పలేదు. మా తర్వాత పరకాల పోవాలి, అక్కడి నుంచి నర్సంపేట. 11 గంటల ముహూర్తానికి పిల్లను తెల్లవారుజామున 3 గంటలకే కూర్చోబెట్టి 5 కల్లా ముగించి వెళ్లిపోయింది. ముహూర్తం వేళకు ఆ మేకప్ ఆరు గంటల పాతది. ఎండాకాలం, హాల్లో ఏసీ స్టేజీ దాకా రాదు, పైన వీడియో లైట్లు, ముందర హోమం పొగ. ముక్కు పక్కన, పై పెదవి మీద మొత్తం విడిపోయింది. సరిచేయడానికి ఎవరూ లేరు, నేనే నా బ్యాగులోని కాంపాక్ట్ పెట్టి అద్దాను, అది ఇంకా పొరలు పొరలుగా తేలింది. ముందు రోజు రాత్రే వచ్చి ఉండే మనిషైతే తలంబ్రాల దాకా పక్కనే ఉంటుంది. మీరిచ్చే డబ్బు అందుకే.

జనగామ బిడ్డ
వదినా, మీ బాధ అర్థమైంది గానీ నాది అచ్చం దీనికి తలకిందులు.

నేను హైదరాబాద్ ఆర్టిస్ట్‌నే పిలిపించుకున్నాను, పేరున్నామే. ట్రయల్ ఆమే చేసింది, చాలా బాగా చేసింది, ఆ నమ్మకంతోనే మొత్తం డబ్బులు కట్టాం. పెళ్లి రోజు పొద్దున 5 గంటలకు కారు దిగింది మాత్రం ఇద్దరు అసిస్టెంట్లు. మేడమ్‌కు వేరే ఈవెంట్ ఉంది, మేమూ అంతే బాగా చేస్తాం అన్నారు. ఆ టైములో ఎవరితో గొడవ పడతాం? బయట మేళం వచ్చింది, అమ్మ మంగళస్నానానికి పిలుస్తోంది, నేను ఏడుపు ఆపుకొని కూర్చున్నాను.

నాది చామనఛాయ. వాళ్ల పెట్టెలో నా రంగుకు సరిపోయే ఫౌండేషన్ ఉందో లేదో నాకు తెలియదు గానీ, వేసింది మాత్రం రెండు షేడ్లు తెలుపు. మెడ దాకా దించారు, చేతులు వదిలేశారు. పైన వేసిన పౌడర్ ఏదో ఫ్లాష్ పడినప్పుడల్లా తెల్లగా కొట్టింది. మా ఆల్బమ్‌లో జీలకర్ర బెల్లం ఫోటో ఉంది. ఆయన చేయి నా తల మీద, నా చేయి ఆయన తల మీద. ఆ ఫోటోలో నా మణికట్టు, నా ముఖం పక్కపక్కనే పడ్డాయి, రెండూ ఒకే మనిషివి అంటే చూసినవాళ్లు నమ్మరు. మా నాన్న ఆ పేజీ దగ్గర ఆగి "గిది నువ్వేనా బిడ్డా" అన్నాడు. అందులో ఎగతాళి లేదు, నిజంగానే అడిగాడు. నాలుగేళ్లయింది, ఆ ఆల్బమ్ నేను ఎవరికీ తీసి చూపించను.

అందుకే కాజీపేట చెల్లెకు నేను చెప్పేది ఒకటే. ఏ ఊరి ఆర్టిస్ట్ అన్నది పక్కన పెట్టండి. ట్రయల్ చేసిన చెయ్యే పెళ్లి రోజు కూడా చేస్తుందా, మీ అక్క రంగును రంగుగా ఉంచుతుందా, ఈ రెండూ తేలకుండా ఒక్క రూపాయి కూడా వేయకండి. ఇన్‌స్టా వీడియోలో ఫిల్టర్ ఉంటుంది, రింగ్ లైట్ ఉంటుంది, అది చూసి నిర్ణయం చేయకూడదు. ట్రయల్ అయ్యాక అక్కను బయటికి తీసుకొచ్చి పగటి వెలుతురులో నిలబెట్టి, ముఖం పక్కన చేయి పెట్టించి మామూలు ఫోన్ కెమెరాతో ఫోటో తీయండి, ఒకటి ఫ్లాష్‌తో, ఒకటి ఫ్లాష్ లేకుండా. తర్వాత ఐదారు గంటలు అలాగే ఉంచి మళ్లీ తీయండి. అప్పుడు అర్థమవుతుంది.

పరకాల తమ్ముడు
అడ్వాన్స్ వేసేముందు వాట్సాప్‌లోనైనా సరే రాయించుకోండి: తేదీ, టైము, ఎవరు వస్తారు, ఎంతమందికి చేస్తారు, ఆమె రాకపోతే ఎంత తిరిగి ఇస్తారు. డబ్బు యూపీఐలోనే వేయండి, దేనికోసమో నోట్‌లో రాయండి. మాట తప్పితే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫిర్యాదు చేయొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 5 లక్షల లోపు దానికి కేసు ఫీజు కూడా లేదు. చాలామందికి ఇది తెలియక అడ్వాన్స్ పోయిందని ఊరుకుంటారు.

జగిత్యాల పెద్దమ్మ
మా కాలంలో పెళ్లిపిల్లను వదినలు, మేనత్తలే తయారుచేసేది బిడ్డా. సవరం పెట్టి జడ అల్లి, జడబిల్లలు కుట్టి, కింద కుప్పెలు కట్టేవాళ్లు. కళ్లకు కాటుక, కాళ్లకు పారాణి, బుగ్గన దిష్టిచుక్క. అంతే. ఆ ఫోటోలు నలుపు తెలుపువైనా చూడగానే మా అక్క, మా చెల్లె అని గుర్తుపడతాం. ఇప్పటి ఫోటోలు చూస్తే ఏ పెళ్లిలో అయినా ఒకే పిల్ల కూర్చున్నట్టు ఉంటోంది. మీ ఇంట్లో ఇంతమంది ఆడవాళ్లుండి 48 వేలు ఎందుకు పెట్టాలి?

జనగామ బిడ్డ
పెద్దమ్మా, ఒకే పిల్లలా ఉంటోందన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఇప్పుడు వదినలకు ఆ రోజు కూర్చునే తీరిక ఎక్కడిది? నా పెళ్లిలో మా వదిన వంటవాళ్లకు సామాను ఇవ్వడం, చిన్నపిల్లను ఎత్తుకోవడం, ఎదురుకోళ్లకు పళ్లేలు సర్దడం, అన్నీ ఒక్కతే చేసింది. ఆమె చేత మూడు గంటలు నా జడ వేయించుకోవడం ఆమెకు అన్యాయం. పనికి డబ్బు ఇచ్చి మనిషిని పెట్టుకోవడం తప్పు కాదు, ఆ మనిషి మన మాట వినాలి, అంతే.

నయీంనగర్ బ్యూటీషియన్
నేను పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, కాబట్టి మా వైపు నుంచి కూడా చెప్పాలి.

ముందుగా సుబేదారి వదినకు. ఒకే రోజు ముగ్గురిని ఒప్పుకోవడం తప్పే, నేను సమర్థించను. కానీ అది ఎందుకు జరుగుతోందో కూడా చూడండి. మూఢాలు పోను, ఆషాఢం, పుష్యం పోను, మాకు ఏడాదిలో పని దొరికేది లెక్కపెట్టుకునే రోజులే, అందరి పెళ్లిళ్లూ ఆ రోజుల్లోనే. అడ్వాన్స్ గట్టిగా ఎందుకు అడుగుతామంటే, తేదీ మీకు ఇచ్చి ఇంకో ఇద్దరిని వద్దన్నాక మీరు వెనక్కి పోతే ఆ రోజు మళ్లీ రాదు. ట్రయల్‌కు డబ్బు తీసుకోవడం కూడా న్యాయమే, రెండు మూడు గంటల పని, సామాను నిజంగానే ఖర్చవుతుంది. బుక్ చేసుకుంటే ట్రయల్ డబ్బులు మొత్తంలో తగ్గించే ఆర్టిస్టులు చాలామంది ఉన్నారు, అడగండి.

ఇక రంగు విషయం. జనగామ చెల్లెలి మాట చదివి మనసు కలుక్కుమంది. అసిస్టెంట్లను పంపినామెది పూర్తిగా తప్పు. కానీ నా దగ్గర కుర్చీలో పిల్ల కూర్చోగానే వెనక నుంచి వినబడే మొదటి మాట ఏంటో తెలుసా? "జర తెల్లగ చెయ్యమ్మా, అబ్బాయి వాళ్ల దిక్కు అందరూ తెల్లగుంటరు." అది అనేది తల్లి, లేదా మేనత్త. పిల్ల తల వంచుకుంటుంది. నేను కుదరదు అంటే పని రాదంటారు. ఇప్పుడైతే నేను బుకింగ్ రోజే చెప్పేస్తున్నాను, దవడ మీద మూడు షేడ్లు గీసి, ఏది చర్మంలో కలిసిపోతే అదే వేస్తాను, తేలే షేడ్ వేయను అని. ఇద్దరు ముగ్గురు వెళ్లిపోయారు కూడా. వెళ్లనీ.

ఇంకొకటి ఎవరూ అనలేదు. పసుపు. ట్రయల్ రోజు ముఖం మీద పసుపు ఉండదు. పెళ్లి పొద్దున నలుగు పెట్టి పసుపు రాసి మంగళస్నానం చేయించి పంపిస్తారు, జుట్టు మొదళ్లలో, చెవుల వెనక, మెడ ముడతల్లో పసుపు అలాగే ఉంటుంది. దాని మీద ఏ ఫౌండేషన్ వేసినా రంగు మారుతుంది, మెడ ఒక రంగు, ముఖం ఒక రంగు. గట్టిగా రుద్దితే చర్మం ఎర్రబడుతుంది. శాస్త్రం మానమని నేను అనను. చిక్కటి పసుపు ముందు రోజు సాయంత్రం చేసుకొని, పొద్దున కాళ్లకు, చేతులకు శాస్త్రానికి అద్దితే ఎవరికీ లోటు ఉండదు. ఈ మాట ట్రయల్‌లోనే అడిగే ఆర్టిస్ట్‌కు మన పెళ్లిళ్లు తెలుసని అర్థం. బాసింగం నుదుటి మీద ఎక్కడ ఆనుతుంది, జీలకర్ర బెల్లం నడినెత్తిన పెట్టాలి కాబట్టి అక్కడ పఫ్ ఎత్తకూడదు, పాపిట బిళ్ల ఎటు పిన్ చేయాలి, తలంబ్రాలు పడ్డాక జడలోంచి బియ్యం ఎలా తీయాలి, ఇవి తెలియని ఆర్టిస్ట్ ఎంత పేరున్నా ఇబ్బందే. హైదరాబాద్‌లో ఇవన్నీ తెలిసినవాళ్లు లేరని కాదు, అడిగి చూడండి అంటున్నాను.

అలర్జీ సంగతి కూడా. కనురెప్పలకు పెట్టే జిగురు కొందరికి పడదు. రెండు రోజుల ముందే ఆ జిగురు చెవి వెనకో, మోచేతి లోపలో కొంచెం రాసి చూడమనండి. పెళ్లికి వారం లోపల కొత్తగా బ్లీచ్, కొత్త ఫేషియల్ అస్సలు వద్దు.

సుబేదారి వదిన
మీలాంటి వాళ్లు దొరికితే మేమూ ఇక్కడే చేయించుకుందుం. నా అభ్యంతరం ఒకటే, మనిషి పక్కన ఉండాలి. ఆ రోజు ఇంకెవరినీ ఒప్పుకోనని చెప్పే ఆర్టిస్ట్‌కు 18 వేలు కాదు, 25 వేలైనా ఇవ్వొచ్చు. ఆ మాట ఇక్కడివాళ్లు ఇస్తారా?

నయీంనగర్ బ్యూటీషియన్
ఇస్తారు వదినా, ధర ఎక్కువ చెబుతారు. ముహూర్తం దాకా ఉండాలి అని బుకింగ్ అప్పుడే చెప్పాలి, ఆ పొద్దున చెబితే కుదరదు.

కాజీపేట చెల్లె
అందరికీ మస్తు థాంక్స్. అన్నీ అక్కకు చూపించాను. ఇద్దరికీ ఫోన్ చేసి ఇవే ప్రశ్నలు అడిగాం. హైదరాబాద్ ఆమెను 'మీరే వస్తారా' అని అడిగితే 'మా టీమ్ వస్తుంది' అంది, 'మీరే అని రాసిస్తారా' అంటే రేపు చెబుతానంది, నాలుగు రోజులైంది. కిషన్‌పుర ఆమె దగ్గర నిన్న ట్రయల్ చేయించాం, 1,500 తీసుకుంది. పార్లర్ మెట్ల మీద నిలబెట్టి ఫోటోలు తీశాను. ముఖం, చేయి ఒకే రంగు. అక్కకు కళ్లు నచ్చలేదు, ఐషాడో చాలా ముదురుగా ఉందంది, ఆమె తుడిచి మళ్లీ వేసింది, విసుక్కోలేదు. ఆ రోజు ఇంకెవరినీ ఒప్పుకోకుండా తలంబ్రాల దాకా ఉండటానికి 24 వేలు అంది, వాట్సాప్‌లో రాసింది. అక్క సరే అంది గానీ జడ దగ్గర ఇంకా అనుమానం. తనది పలుచని జుట్టు, నిండు పూలజడ కావాలట. ఇంకొకటి, 10:42కు ముహూర్తం అంటే ఎన్ని గంటలకు మొదలుపెట్టాలి?

నయీంనగర్ బ్యూటీషియన్
వెనక్కి లెక్కపెట్టండి. గౌరీపూజకు 9:15 కల్లా పిల్ల కూర్చోవాలి. చీర, నగలు 45 నిమిషాలు, అంటే 8:30. జడకు గంట, మేకప్‌కు గంటన్నర, అంటే 6 గంటలకు కుర్చీలో ఉండాలి. మంగళస్నానం 5 లోపల అయిపోవాలి, తడి జుట్టు మీద జడ నిలవదు. అసలు తలంటు ముందు రోజే పోసుకొని, పొద్దున శాస్త్రానికి నాలుగు చుక్కలు చల్లుకుంటే ఇంకా మంచిది. తలకు నూనె మాత్రం వద్దు, పిన్నులు జారిపోతాయి.

పూలజడ పలుచని జుట్టుకు బరువు, నిజమే. మల్లెలు తడిగా ఉంటే ఇంకా బరువు. సవరం కలిపి గట్టిగా అల్లాక, పూలను దారంతో జడకే కుట్టించండి, పిన్నుల మీద వేలాడదీస్తే మొదళ్లు లాగి మధ్యాహ్నానికి తలనొప్పి వస్తుంది. వెనక మొత్తం కప్పకుండా జడబిల్లల మధ్య మధ్యలో మల్లె, కనకాంబరం పెట్టినా నిండుగానే కనబడుతుంది. పూలు ముందు రోజు సాయంత్రం తెప్పించి తడిబట్టలో చుట్టి పెట్టండి, ఎండాకాలం పొద్దున తెస్తామంటే నమ్మకండి.

కాజీపేట చెల్లె
అమ్మకు ఇదంతా చదివి వినిపించాను. పసుపు మాట దగ్గర కాసేపు ఏమీ అనలేదు, తర్వాత అమ్మమ్మకు ఫోన్ చేసి అడిగింది. ముందు రోజు సాయంత్రం నలుగు పెట్టుకోవచ్చు, పొద్దున కాళ్లకు రాస్తే చాలు అందట అమ్మమ్మ. రేపు కిషన్‌పుర వెళ్లి అడ్వాన్స్ ఇస్తున్నాం.