బ్యాక్‌ఫిల్లింగ్ లెక్క నేల మట్టం దాటిపోతోంది, బయటి డంప్ తగ్గించేదెలా?

గిండీ ప్లానర్:
అందరికీ నమస్కారం. చెన్నైలో మైన్ ప్లానింగ్ చేసే చిన్న ఆఫీసు మాది. గోదావరి లోయలో ఒక ఓపెన్‌కాస్ట్ (పైనుంచి తవ్వే) బొగ్గు గని ప్లాన్ నా చేతికొచ్చింది, టన్ను బొగ్గుకు 5 క్యూబిక్ మీటర్ల ఓబీ, అంటే బొగ్గు మీదున్న మట్టి, రాయి. తీసిందంతా మళ్లీ గోతిలో పోస్తే నేల సమానం అవుతుందనుకున్నా, సెక్షన్ (నిలువు కోత బొమ్మ) గీస్తే డంప్, అంటే పోసిన గుట్ట, నేల పైకి లేస్తోంది. పైగా మొదటి ఏళ్ల ఓబీ మొత్తం బయటికే పోతోంది, ఆ చోట పత్తి చేలున్నాయి. మా నాన్నదీ పత్తి సేద్యమే, ఆ సర్వే నంబర్ల మీద గీత గీయాలంటే చెయ్యి రావట్లేదు. ఆ డంప్ చిన్నదయ్యే దారి చెప్పండి.

రిటైర్డ్ సర్వేయర్:
బాబూ, నీ సెక్షన్ కరెక్టే. టన్ను బొగ్గు చోటు దాదాపు 0.67 క్యూబిక్ మీటరు, ఓబీతో కలిపి గొయ్యి 5.67. పేల్చిన రాయి ఉబ్బుతుంది కదా, అణిగాక కూడా 20 శాతం ఎక్కువ ఉంటుందనుకో, 5 కాస్తా 6 అయింది, 5.67 గోతిలో పట్టక పైకి లేస్తుంది. ఇక బయటి డంప్ ఎందుకంటే, అడుగు సీమ్ (బొగ్గు పొర) తీసేదాకా లోపల పోయడానికి చోటే ఉండదు. అందుకే గని మొత్తం ఒకేసారి తెరవొద్దు, ఒక చివర బాక్స్ కట్ (మొదటి గొయ్యి) వేసి త్వరగా అడుగుకు దిగు, అక్కణ్ణుంచి స్ట్రైక్ వెంట (సీమ్ వాలుకు అడ్డంగా) ముందుకు పోతుంటే వెనకే డంప్ వస్తుంది. నేను చేసిన ఒక గనిలో లోపల చోటు తయారైనా హాల్ రోడ్డు (డంపర్లు తిరిగే దారి) వేయక రెండేళ్లు డంపర్లు బయటికే పోయాయి, ఆ బాధ ఇంకా ఉంది. రోడ్డును కూడా ఏడాదివారీ ప్లాన్‌లో గీయి.

స్లోప్ మనిషి:
సీమ్ వాలు ఎంతో రాయలేదు. సర్వేయర్ గారు స్ట్రైక్ వెంట పొమ్మన్నది అందుకే కూడా: వాలు దిశగా దిగుతూ పోతే డంప్ నీ వెనక వాలు నేల మీద కూర్చుంటుంది, జారితే పనిచేసేవాళ్ల మీదికే. బొగ్గు తీశాక అడుగున మిగిలే నల్ల బంకమట్టి వాన తగిలిందంటే సబ్బులా అవుతుంది, బూటు నిలవదు. దాన్ని గీకేసి, నేలను పేల్చి గరుకు చేసి, నీళ్లు పోయే దారి పెట్టాకే పోయాలి. 2017 బొగ్గు గనుల నిబంధనల్లో డంప్ వాలు 37.5 డిగ్రీలు మించకూడదు, బెంచీ (ఒక్కో మెట్టు) ఎత్తు 30 మీటర్లు దాటకూడదు. 2016 డిసెంబర్‌లో జార్ఖండ్ లాల్‌మటియాలో డంప్ కూలి 23 మంది పోయారు, దయచేసి ఈ విషయంలో రాజీ పడొద్దు.

మొక్కల పని:
పైమట్టి గురించి ఎవరూ అనలేదే! దాన్ని వేరుగా గీకి తక్కువ ఎత్తు కుప్పలుగా పెట్టించండి, ఏళ్ల తరబడి పెద్ద గుట్టగా ఉంచితే అందులోని జీవం పోతుంది. వీలైతే కుప్పే వద్దు, కొత్త చోట గీకిన మట్టి అదే సీజన్‌లో పూర్తయిన డంప్ మీద పరిపించండి, తొలకరికి ముందే గడ్డి, పప్పుజాతి విత్తనాలు చల్లండి.

గిండీ ప్లానర్:
వాలు 6 మీటర్లకు 1 మీటరు. నిజానికి నేను వాలు దిశగానే గీశాను, రేపు బాక్స్ కట్ తూర్పు చివరకు మార్చి మొదటి 5 ఏళ్లు మళ్లీ వేస్తాను. చేలలో ఎన్ని ఎకరాలు తగ్గుతాయో లెక్క తేలగానే ఇక్కడే రాస్తాను.