పాత జీఐ పైపులు మార్చి ఇంటికి కొత్త పైప్‌లైన్ వేయించడం: ఖర్చు ఎంత, పని ఎలా?

రామగిరి గృహస్థు, నల్లగొండ

మాది 1990లలో కట్టిన ఇల్లు. కింద ఒక స్నానాల గది, పైన ఒకటి, కింద వంటగది, డాబా మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఉన్నాయి. గోడల్లో ఉన్నవన్నీ అప్పటి జీఐ పైపులే, అంటే జింక్ పూత పూసిన ఇనుప పైపులే. ఇప్పుడు పై అంతస్తులో నల్లా పూర్తిగా తిప్పినా ధార సన్నగానే వస్తోంది, పొద్దున మొదటి బకెట్ నీళ్లు ఎర్రగా పడుతున్నాయి, మెట్ల పక్క గోడకు చెమ్మ దిగి గిలాబు రాలుతోంది. ఇద్దరు మేస్త్రీలకు ఇల్లు చూపిస్తే ఒకరు 70 వేలు అన్నారు, మరొకరు లక్షా 60 వేలకు తక్కువ కాదన్నారు. ఒకే ఇంటికి ఇంత తేడా ఎందుకు వస్తుంది? గోడలు కోయించాలా, లేక బయటి గోడ వెంట పైపులు తెచ్చుకోవాలా? మా అమ్మగారు మంచం దిగి నడవలేరు కాబట్టి, ఇల్లు ఖాళీ చేయకుండా ఈ పని చేయించుకోవడం సాధ్యమేనా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సూర్యాపేట రిటైర్డ్ ఉద్యోగి

ఆ ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పి ఉండరు. 70 వేలు అన్న మేస్త్రీ పైపులు, కూలీ మాత్రమే లెక్కగట్టి ఉంటారు. కోసిన గోడను తిరిగి పూడ్చడం, గిలాబు, టైల్స్, రంగులు ఆ లెక్కలోకి రావు. మా ఇల్లు కూడా ఇంచుమించు మీ ఇంటంతే ఉంటుంది. నిరుడు మాకు సీపీవీసీ (వేడి నీళ్లకూ తట్టుకునే ప్లాస్టిక్) పైపులు, మలుపుల దగ్గర వేసే ఎల్బోలు, మూడు దారుల టీలు, వాల్వులు కలిపి దాదాపు 38 వేలు, ప్లంబర్ కూలీ 30 వేలు, కొత్త నల్లాలకు, మిక్సర్లకు 25 వేలు అయ్యాయి. అన్నింటికన్నా ఎక్కువ ఖర్చు టైల్స్ దగ్గరే అయింది. గాడి కోసిన చోట పది పదిహేను టైల్స్ పగిలితే చాలు, పాత డిజైను ఇప్పుడు ఏ దుకాణంలోనూ దొరకదు కాబట్టి గోడ మొత్తానికి కొత్తవి వేయించక తప్పదు. తాపీ పనితో కలిపి అది 65 వేలు దాటింది. ఆ మాటకొస్తే ప్లంబర్ కూలీ కూడా నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. పైపు కోసి, జిగురు పూసి అతికించే పనికి 30 వేలు ఏ లెక్కన అడుగుతారో ఎవరైనా చెప్పాలి.

పాలమూరు ప్లంబర్

నేను చెబుతాను. పాతికేళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను. మహబూబ్‌నగర్, జడ్చర్ల, దేవరకద్రలలో నేను పైపులు వేసిన ఇళ్లు వందల్లో ఉన్నాయి, కాబట్టి తెలియక మాట్లాడుతున్నానని ఎవరూ అనలేరు. సీపీవీసీ పైపును వంకర లేకుండా కోయాలి, కోసిన అంచును నున్నగా చేయాలి, పైపుకూ ఫిట్టింగ్ లోపలికీ సాల్వెంట్ (మీరు జిగురు అన్నది) సమంగా పూయాలి, పావు వంతు తిప్పుతూ లోపలికి నెట్టి అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి. మే నెల ఎండలో ఆ సాల్వెంట్ పైపు లోపలికి వెళ్లకముందే ఆరిపోతుంది. అటువంటి అతుకు ఆరు నెలల తర్వాత గోడలో కారితే మీరు ఎవరిని పిలుస్తారు? జిగురు అమ్మిన దుకాణదారుణ్ణి పిలవరు, నన్నే పిలుస్తారు. నేను అడిగే కూలీలో ఆ పూచీ కూడా ఉంటుంది.

రామగిరి సార్, మీరు గుత్తకు ఇచ్చినా, పాయింటు (నీళ్లు వచ్చే ఒక్కో కొస) లెక్కన ఇచ్చినా, పాయింటు అంటే ఏమిటో ముందే కాగితం మీద రాయించుకోండి. కొందరు మిక్సర్‌ను ఒక పాయింటుగా లెక్కిస్తారు, కొందరు వేడి నీళ్లకు ఒకటి, చన్నీళ్లకు ఒకటి అని రెండుగా లెక్కిస్తారు. కోట్‌లు రెండింతలు కావడానికి అదొక్కటే చాలు. ఇంకో మాట, పాత జీఐ పైపును గోడలోంచి పీకించకండి. దాన్ని లైను నుంచి వేరు చేసి, కొసలు మూసి, అక్కడే వదిలేయాలి.

చండూరు రైతు

మీరంతా పైపుల గురించి, కూలీ గురించి మాట్లాడుతున్నారు గాని నీళ్ల గురించి ఒక్కరూ మాట్లాడటం లేదు. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది. ఆ నీళ్లు పారితే ఇనుమైనా ప్లాస్టిక్కైనా లోపల తెల్లటి గార కట్టి మూసుకుపోతుంది. మా గీజర్ విప్పి చూస్తే రాడ్డు చుట్టూ వేలెడు మందం గార ఉంది, అదంతా ఫ్లోరైడే. పైపులు మార్చడానికి లక్షన్నర పోయడం వృథా.

రసాయన శాస్త్ర ఉపాధ్యాయుడు, దేవరకొండ

చండూరు రైతు గారూ, మీ గీజర్‌లోని గార ఫ్లోరైడ్ కాదు. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ వేడి తగిలినప్పుడు విడిపోయి, కాల్షియం కార్బనేట్‌గా రాడ్డుకు అంటుకుంటుంది. గీజర్, వేడి నీళ్ల పైపు ముందుగా మూసుకుపోవడానికి కారణం అదే. తాగునీటిలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములలోపు ఉండాలని, వేరే నీటి వనరు లేనప్పుడు 600 దాకా ఉండవచ్చని ఐఎస్ 10500 ప్రమాణం చెబుతుంది. ఫ్లోరైడ్‌కు అదే ప్రమాణంలో ఉన్న అంకెలు 1, 1.5 మిల్లీగ్రాములు మాత్రమే. అంత తక్కువ పరిమాణంలో ఉండే పదార్థం, ప్రమాణానికి కొన్ని రెట్లు ఎక్కువగా ఉన్నా సరే, వేలెడు మందం పొర కట్టలేదు. పైగా కాల్షియం ఎక్కువగా ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ సాధారణంగా పెరగదు, ఎందుకంటే ఆ రెండూ కలిస్తే ఏర్పడే కాల్షియం ఫ్లోరైడ్ నీళ్లలో చాలా కొద్దిగా మాత్రమే కరుగుతుంది.

చండూరు రైతు

సార్, మీ పుస్తకంలోని అంకెలు మాకు చెప్పకండి. మా పెదనాన్న నడుము వంగిపోయి, చివరికి తన చేత్తో అన్నం కలుపుకోలేని స్థితిలో పోయారు. మా ఇంట్లో ముగ్గురి పళ్లు గోధుమరంగుకు తిరిగాయి. మర్రిగూడ, మునుగోడు, చండూరు ఊళ్లలో ఏ ఇంటి తలుపు తట్టినా ఇదే కథ వింటారు. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ ఆవిష్కరించిన రోజు మేమంతా ఎంత ఆశతో ఉన్నామో మీకు తెలియదు. ఫ్లోరైడ్ ఏమీ చేయదని మాకు చెప్పడానికి మీకు మనసెలా వచ్చింది?

రసాయన శాస్త్ర ఉపాధ్యాయుడు, దేవరకొండ

ఫ్లోరైడ్ ఏమీ చేయదని నేను ఎక్కడా రాయలేదు, నా మాటలను దయచేసి మళ్లీ చదవండి. అది పైపును పాడుచేయదు, మనిషి ఎముకను పాడుచేస్తుంది. పైపులో కనిపించే గారకూ దానికీ సంబంధం ఉందని నమ్మితే ప్రమాదం ఏమిటో చెబుతాను: గార కట్టని బోరు నీళ్లు మంచివేనని జనం తాగుతారు, నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని అనుకుంటారు. మరిగిస్తే అది పోదు సరికదా, నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలిన వాటిలో దాని గాఢత పెరుగుతుంది. కొత్త పైపు వేసినంత మాత్రాన కూడా ఒక్క మిల్లీగ్రాము తగ్గదు. మన ప్రాంతపు గ్రానైటు రాళ్లలోని ఖనిజాల నుంచి అది నీళ్లలోకి దిగుతోంది. మీ ఇంటి బాధ నాకు అర్థమైంది, మా విద్యార్థుల పళ్లను రోజూ చూస్తున్నవాణ్ణే.

మిర్యాలగూడ గృహిణి

ఈ వాదన నుంచి రామగిరి గారికి పనికొచ్చే విషయం ఒకటి బయటపడింది, దాన్ని ఎవరూ పట్టించుకోకుండా వదిలేశారు. మీ ఇంటికి కృష్ణా నీళ్ల కనెక్షన్, బోరు రెండూ ఉంటే, గోడ కోసే ముందే రెండు లైన్లూ వేరు చేయించండి. మా ఇంట్లో ఇంతకు ముందు రెండు నీళ్లూ ఒకే సంపులో కలిసి, ఒకే ట్యాంకులోకి ఎక్కి, అన్ని నల్లాల్లోనూ అవే వచ్చేవి. పైపులు మార్పించేటప్పుడు వంటగదికి విడిగా చిన్న ట్యాంకు పెట్టించి, నల్లా కనెక్షన్ నీళ్లు దానికే ఎక్కేలా, అక్కడి నుంచి వంటగది సింకుకు మాత్రమే దిగేలా లైను వేయించాను. స్నానాలకు, బట్టలకు, మొక్కలకు బోరు నీళ్లు వాడుతున్నాము. ఆ అదనపు లైనుకు అయిన ఖర్చు ఒక మంచి మిక్సర్ ధరకన్నా తక్కువే. అయితే అవసరానికి ఉంటుందని రెండు లైన్ల మధ్య వాల్వు పెట్టి కలుపుతామని మేస్త్రీ అంటే ఒప్పుకోకండి, ఎందుకంటే ఆ వాల్వు ఏదో ఒక రోజు తెరిచే ఉండిపోతుంది.

జడ్చర్ల సైట్ ఇంజినీర్

నేను అపార్టుమెంట్లలో ప్లంబింగ్ పనులు పర్యవేక్షిస్తాను, కాబట్టి కొలతలతో మాట్లాడతాను. సీపీవీసీ పైపు కొనేటప్పుడు దాని మీద ఐఎస్ 15778 (భారతీయ ప్రమాణం) ముద్ర, ఎస్‌డీఆర్ అంకె (పైపు బయటి వ్యాసం గోడ మందానికి ఎన్ని రెట్లో చెప్పేది) చూడండి. ఎస్‌డీఆర్ 11, 13.5 అని రెండు రకాలు దొరుకుతాయి. అంకె తక్కువైతే పైపు గోడ మందం ఎక్కువ. వేడి నీళ్లకు 11 వేయించడం మంచిది. చన్నీళ్లకు 13.5 సరిపోయినా, గోడలో పూడ్చేదానికి నేను రెంటికీ 11నే వాడిస్తాను. ట్యాంకు నుంచి దిగే లైను అంగుళంన్నర లేదా అంగుళంపావు, గదులకు వెళ్లేది ముప్పావు, నల్లా దగ్గర అర అంగుళం ఉండాలి. చాలామంది ట్యాంకు దగ్గరే ముప్పావుతో మొదలుపెట్టి, తర్వాత ధార రాలేదని మోటారు బిగిస్తారు. పది మీటర్ల ఎత్తు నీళ్లకు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. మీ పై అంతస్తు షవర్‌కూ ట్యాంకు అడుగుకూ మధ్య ఉండేది మహా అయితే రెండు మీటర్లు, అంటే 0.2 కిలోలు. అంత తక్కువ ఒత్తిడిలో పైపు సన్నబడితే ధార ఉండదు. మీ పాత పైపుల్లో జరిగింది అదే: తుప్పు గడ్డలు కట్టి లోపలి వ్యాసం సగమైతే, నీళ్లు పారే దారి నాలుగో వంతుకు పడిపోతుంది.

గోడ మూసే ముందు హ్యాండ్ పంపుతో (పైపులోకి చేత్తో ఒత్తిడి పెట్టే పరికరం) ప్రెషర్ టెస్ట్ చేయించకుండా ఏ ప్లంబర్‌కూ పూర్తి డబ్బులు ఇవ్వకండి. ఈ జిల్లాల్లోని మేస్త్రీలలో చాలామందికి ఆ పంపు ఎలా ఉంటుందో కూడా తెలియదు.

పాలమూరు ప్లంబర్

ఇంజినీరు గారూ, ఆ చివరి వాక్యం మీరు రాయకుండా ఉండాల్సింది. నా దగ్గర రెండు హ్యాండ్ పంపులు ఉన్నాయి. టెస్టుకు ఒక రోజు ఆగాలంటే ఇంటివాళ్లే ఒప్పుకోరు. తాపీ మేస్త్రీ వచ్చి కూర్చున్నాడు, అతని కూలీ ఎవరిస్తారు అని అడుగుతారు. అతుకులు ఆరడానికి పూర్తిగా ఒక రోజు వదిలి, తర్వాత నీళ్లు నింపి, లోపలి గాలి అంతా పోయాక ఒత్తిడి పెట్టి, ఒత్తిడి చూపే మీటరు ముల్లు దిగుతుందో లేదో గంటల తరబడి చూడాలని మాకూ తెలుసు. మీ అపార్టుమెంట్లలో ఆ ఖర్చు బిల్డర్ భరిస్తాడు, పాత ఇంట్లో ఆ ఒక్క రోజు కోసం నేను యజమానితో గొడవ పడాలి.

వనపర్తి అద్దె ఇళ్ల యజమాని

గోడలు కోయడమే అవసరమా అని రామగిరి గారు అడిగిన ప్రశ్న అలాగే మిగిలిపోయింది. నా ఉద్దేశంలో, ఇంటి చుట్టూ మనిషి నడిచేంత సందు ఉన్నవారు గోడ కోయనే కూడదు. నేను మా ఇళ్లకు ట్యాంకు నుంచి లైనును బయటి గోడ వెంట దింపి, ప్రతి స్నానాల గది దగ్గరా ఒక రంధ్రం చేయించి, లోపల మాత్రం నల్లాల ఎత్తులో ఒక వరుస టైల్స్ తీయించాను. సూర్యాపేట గారు చెప్పిన టైల్స్, తాపీ ఖర్చులో మూడో వంతు కూడా నాకు కాలేదు. ఎక్కడ చెమ్మ కనిపించినా బయటి నుంచే సరిచేసుకోవచ్చు. చూడటానికి బాగుండదని మా బంధువులు అన్నారు. గోడలో కారే పైపు కన్నా గోడ మీద కనిపించే పైపే మేలని నేను వారికి గట్టిగా చెప్పాను, ఇప్పటికీ అదే చెబుతాను.

జడ్చర్ల సైట్ ఇంజినీర్

బయట వేయడం తప్పు కాదు గాని ఎండ సంగతి మరిచిపోకూడదు. పది మీటర్ల సీపీవీసీ లైను 30 డిగ్రీలు వేడెక్కితే సుమారు రెండు సెంటీమీటర్లు సాగుతుంది. క్లాంపులు బిగుతుగా కొట్టి, మలుపు లేకుండా నిటారుగా దింపితే అతుకుల మీద బలం పడుతుంది. మధ్యలో ఒక వంపు ఇవ్వాలి, పైపు కదిలేలా క్లాంపులు వదులుగా ఉంచాలి, నీళ్లలో కలిపే తెల్ల రంగు రెండు పూతలు వేయించాలి. నూనె రంగు, టర్పెంటైన్ సీపీవీసీకి తగలనివ్వకూడదు. పడమటి గోడను వీలైతే వదిలేయండి.

నాగర్‌కర్నూల్ నుంచి

అమ్మగారి గురించి ఎవరూ జవాబు ఇవ్వలేదు. మా అత్తగారు ఇంట్లో ఉండగానే మేము ఈ పని చేయించుకున్నాము. మొదట కింది గదికి కొత్త లైను పూర్తి చేయించి, నీళ్లు వదిలిన తర్వాతే పాత లైను కోయించండి. అప్పుడు పై గది పని ఎన్ని రోజులు సాగినా ఆమెకు ఇబ్బంది ఉండదు. గోడ కోసే కట్టర్ దుమ్ము చాలా దూరం వెళ్తుంది కాబట్టి, ఆ ఒకటి రెండు రోజులు ఆమెను పక్కింట్లోనో బంధువుల ఇంట్లోనో పడుకోబెట్టండి. కోత పని అంతా ఒకేసారి ముగించాలని మేస్త్రీతో ముందే ఒప్పందం చేసుకోండి.

రామగిరి గృహస్థు, నల్లగొండ

అందరికీ నమస్కారాలు. మా ఇంటికి ఉత్తరం వైపు సందు ఉంది, కాబట్టి వనపర్తి గారి పద్ధతినే అనుకుంటున్నాము, వంటగదికి విడి లైను కూడా వేయిస్తాము. పాత గీజర్ బాగానే పనిచేస్తోంది. దానికి ఇప్పుడున్న జీఐ ముక్కను అలాగే ఉంచి కొత్త పైపు కలపవచ్చా?

పాలమూరు ప్లంబర్

ఉంచకండి సార్. ఆ పాత ముక్కలోని తుప్పు రేణువులు కొత్త మిక్సర్ జల్లెడలో చేరి, నెల తిరగకుండానే ధార మళ్లీ సన్నబడుతుంది. గీజర్ నుంచి బయటికి వచ్చే వేడి నీళ్ల కొసన మొదటి అడుగు మేర లోహపు పైపే ఉండాలి గాని అది కొత్తదై ఉండాలి, ఆ తర్వాత ఇత్తడి మరల ఉన్న ఫిట్టింగ్‌తో సీపీవీసీకి మార్చుకోవాలి. గీజర్‌తో పాటు వచ్చిన సేఫ్టీ వాల్వును చన్నీళ్ల వైపు బిగించండి. దాని నుంచి అప్పుడప్పుడు చుక్కలు పడతాయని రంధ్రం మూసేవాళ్లను చూశాను, అలా ఎప్పుడూ చేయకూడదు. రెండు వైపులా యూనియన్లు (విప్పి మళ్లీ బిగించగలిగే జాయింట్లు) పెట్టిస్తే, గార తీయడానికి గీజర్ దించేటప్పుడు పైపు కోయాల్సిన పని ఉండదు. థర్మోస్టాట్‌ను కూడా కొంచెం తగ్గించి పెట్టండి, మీ బోరు నీళ్లకు గార నిదానంగా పడుతుంది.