నా పేరు కొడితే ఆ పబ్లిక్ టాక్ వీడియోనే వస్తోంది, ఏం చెయ్యాలి?

చిట్టాపద్దు:
ఇంట్లో చెప్తే నవ్వుతారు, ఆఫీసులో చెప్పుకోలేను, అందుకే ఇక్కడ రాస్తున్నా. తెనాలిలో సీఏ ప్రాక్టీస్ నాది. 2018లో హైదరాబాద్‌లో ఆర్టికల్‌షిప్ (సీఏ చదువులో భాగమైన ట్రైనింగ్) చేసేటప్పుడు ఒక పెద్ద హీరో సినిమా ఫస్ట్ డే ఫస్ట్ షో చూసి బయటికొస్తే, ఒక యూట్యూబ్ ఛానెల్ కుర్రాడు మైకు పెట్టాడు. పబ్లిక్ టాక్ ఇచ్చాను. మామూలుగా కాదు, చొక్కా గుండీలు తెంపుకుని "ఇంటర్వెల్‌కే నా ప్రాణం పోయింది, సెకండాఫ్ చూసింది నా ఆత్మ" అని ఏడ్చాను. పేరడిగితే ఇంటిపేరుతో సహా చెప్పి, సీఏ చదువుతున్నానని గొప్పగా కలిపాను. వాడు అవన్నీ కలిపి టైటిల్ పెట్టాడు.

ఇప్పుడు నా దగ్గర ముగ్గురు ఆర్టికల్ కుర్రాళ్ళు ఉన్నారు. రైస్ మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, ఇద్దరు డాక్టర్లు క్లయింట్లు. పోయిన నెల 20న, జీఎస్‌టీ రిటర్న్ ఆఖరి రోజున, ఒక మిల్లు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో "పర్చేజ్ బిల్లులు సాయంత్రంలోగా పంపండి" అని పెట్టాను. ఓనర్ గారబ్బాయి జవాబుగా స్టిక్కర్ పంపాడు. కళ్ళు మూసుకుని, నోరు తెరిచి, చొక్కా పట్టుకుని ఏడుస్తున్న మొహం, కింద "నా ఆత్మ" అని పసుపు అక్షరాలు. ఆ మొహం నాది. గ్రూపులో పదకొండు మంది, వాళ్ళ నాన్నగారితో సహా.

ఆ పిల్లాడు తెలిసి పంపాడో తెలియక పంపాడో ఇప్పటికీ అర్థం కాలేదు. ఆ రాత్రి నా పేరు గూగుల్‌లో కొట్టి చూసుకుంటే మొట్టమొదట ఆ వీడియోనే, దాని కిందే నా లింక్డిన్. బ్యాంకు కాంకరెంట్ ఆడిట్లకి అప్లై చేద్దామనుకుంటున్న టైములో ఇది. ఇలాంటివి తీయించుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి.

పుల్లట్టు:
నవ్వినందుకు సారీ సార్. లింకు పెట్టరా ఒకసారి?

చిట్టాపద్దు:
పెట్టను.

మధురవాడ_మామ:
డిజిటల్ మార్కెటింగ్‌లో పన్నెండేళ్ళుగా ఉన్నా, ఇలాంటివి చాలా చూశా. మొదట చెప్పేది, వీడియో తీసేయమని అడక్కండి. వ్యూస్ వచ్చిన వీడియోని ఎవడూ తియ్యడు. టైటిల్లో, డిస్క్రిప్షన్‌లో మీ పేరు, సీఏ అన్న మాట తీసేయమనండి చాలు. దానివల్ల వాడికి పోయేదేం లేదు. వీడియో ఉండటం కాదు మీ సమస్య, మీ పేరుకీ దానికీ ముడి పడటం. ఆ ముడి తెంపితే మిగిలేది ఎవడో ఏడుస్తున్న కుర్రాడు, అలాంటివాళ్ళు యూట్యూబ్ నిండా ఉన్నారు.

యూట్యూబ్‌లో ప్రైవసీ కంప్లైంట్ ఫారం కూడా ఉంది. సాధారణంగా ముందు అప్‌లోడ్ చేసినవాడికి 48 గంటలు టైమిచ్చి, తర్వాత వాళ్ళు చూస్తారు. కానీ మీరు థియేటర్ బయట అందరి ముందూ నిలబడి, ఇష్టపడి మైకులో మాట్లాడారు, కాబట్టి మీ కేసు వీక్. అది ఆఖరికి దాచుకోండి.

టైటిల్ మారాక కూడా గూగుల్‌లో కొన్నాళ్ళు పాత టైటిలే కనిపిస్తుంది, కంగారుపడకండి. పాతబడ్డ కంటెంట్‌ని రిఫ్రెష్ చేయమని అడిగే టూల్ గూగుల్‌లోనే ఉంది, అందులో ఆ లింకు ఇవ్వండి. పేజీలో నిజంగా మారితేనే అది పనిచేస్తుంది, మారకుండా ఎన్నిసార్లు పెట్టినా తిప్పికొడతారు. ఈలోపు మీ పేరు మీద మంచి పేజీలు నాలుగు తయారుచేసుకోండి, అవి పైకొస్తే ఇది కిందకి పోతుంది.

చిట్టాపద్దు:
చివరిదే ఇబ్బంది మామా. మా సీఏల సంస్థ ఐసీఏఐ రూల్స్ ప్రకారం మేం ఎడాపెడా ప్రచారం చేసుకోకూడదు. వెబ్‌సైట్ పెట్టుకోవచ్చు గానీ అందులో కూడా గొప్పలు రాసుకోకూడదు.

మధురవాడ_మామ:
గొప్పలు ఎవరు రాయమన్నారు? మిర్చి కమీషన్ వ్యాపారానికి జీఎస్‌టీ ఎలా పడుతుందో తెలుగులో రాయండి, పైన మీ పేరు పెట్టండి. అలాంటివి రాసేవాళ్ళు లేరు, మీదే పైకొస్తుంది.

నల్లకోటు:
మా లాయర్లకీ అదే గోల, ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ రూల్ 36. నా క్లాస్‌మేట్ ఆస్తి తగాదాల మీద వ్యాసాలు రాసి రాసే పైకొచ్చాడు.

ఫిజిక్స్_మాస్టారు:
నేను చేసిన తప్పు చెప్తా, మీరు చెయ్యకండి. 2016లో జూబ్లీహిల్స్‌లో డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికా. ఒక టీవీ ఛానెల్ వాళ్ళ కెమెరా సరిగ్గా మిషన్‌లో ఊదేటప్పుడే మొహం మీదకొచ్చింది. కౌన్సెలింగ్‌కి వెళ్ళా, ఫైన్ కట్టా, అక్కడికి అయిపోవాలి కదా. నాలుగేళ్ళ తర్వాత నేను చెప్పే కాలేజీలో పిల్లలకి దొరికింది. బోర్డు మీద రేడియస్ ఆఫ్ కర్వేచర్ రాస్తుంటే వెనక బెంచీ నుంచి "ఊదండి సార్" అని వినపడింది.

నెట్‌లో మొత్తం క్లీన్ చేస్తామన్న ఒక కంపెనీకి 60 వేలు కట్టా. వాళ్ళు చేసిందల్లా ఆ వీడియో తమదేనని దొంగ కాపీరైట్ కంప్లైంట్ పెట్టడం. మూడు వారాలు వీడియో కనపడకుండా పోయింది, ఛానెల్ వాళ్ళు ఎదురు తిరిగితే మళ్ళీ వచ్చింది. గూగుల్‌కి వెళ్ళే ఇలాంటి లీగల్ రిక్వెస్టుల కాపీలు లూమెన్ అనే డేటాబేస్‌లో అందరికీ కనిపించేలా పెడతారట, నాకు తర్వాత తెలిసింది. దాచిపెట్టమని నా తరఫున వెళ్ళిన అర్జీయే ఇంకో సాక్ష్యం. డబ్బు కూడా వెనక్కి రాలేదు.

పళ్ళ_డాక్టర్:
చిట్టాపద్దు గారూ, నేనైతే ఆ వీడియో మా క్లినిక్ వెయిటింగ్ హాల్ టీవీలో వేస్తా. మెడికో రోజుల్లో నేను వేసిన డాన్స్ ఒకటి ఉంది, పేషెంట్లు అడిగి మరీ చూస్తారు, భయం పోయి కుర్చీలో కూర్చుంటారు. మీరే ముందు నవ్వేస్తే ఇంకెవడు నవ్వుతాడు?

జువాలజీ_మేడమ్:
డాక్టర్ గారూ, అది మగవాళ్ళకి చెల్లే సలహా. నేను డిగ్రీ కాలేజీ లెక్చరర్‌ని. మా చెల్లి పెళ్ళి సంగీత్‌లో ముప్పై సెకన్లు డాన్స్ చేశాను, ఫొటోగ్రాఫర్ వాళ్ళ పేజీలో రీల్ పెట్టుకున్నాడు. మా కాలేజీలో ఎవరో దాన్ని తీసుకుని నా పేరుతో దొంగ ఇన్‌స్టా అకౌంట్ పెట్టారు, కింద కామెంట్లు ఇక్కడ రాయలేను. నవ్వేసి ఊరుకోమంటారా?

నేను చేసింది ఇది. ముందు స్క్రీన్‌షాట్లు తీశా, తేదీ, అకౌంట్ లింకు కనిపించేలా, ఎందుకంటే డిలీట్ చేశాక ఏమీ నిరూపించలేం. తర్వాత నా పేరు వాడుతున్నారని రిపోర్ట్ కొట్టా. 2021 ఐటీ రూల్స్‌లో దొంగ ప్రొఫైల్స్‌కీ, మార్ఫింగ్‌కీ, నగ్న ఫొటోలకీ సంబంధిత వ్యక్తి గానీ వాళ్ళ తరఫున ఎవరైనా గానీ ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో చర్య తీసుకోవాలని అప్పట్లో ఉండేది, 2026లో ఆ గడువు ఇంకా తగ్గించారు. నాకు రెండు రోజులు పట్టింది. సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో కూడా పెట్టా, ఆ ఫిర్యాదు నంబరు ప్రిన్సిపాల్ గారికి నేనే ఇచ్చా. వేరేవాళ్ళ నోటి ద్వారా ఆయనకి తెలిసేలోపు నేను వెళ్ళి చెప్పడమే నాకు బాగా పనికొచ్చింది. ఫొటోగ్రాఫర్ మాత్రం ఫోన్ చేసిన పది నిమిషాల్లో తీసేశాడు, పాపం.

అసలు ప్రైవేటు ఫొటోలే బయటికొస్తాయని ఎవరైనా బెదిరిస్తుంటే స్టాప్‌ఎన్‌సీఐఐ అనే సైటు ఉంది. ఫొటో మన ఫోన్ దాటి వెళ్ళదు, దాని వేలిముద్ర లాంటి డిజిటల్ గుర్తు మాత్రమే తీసుకుని, తమతో కలిసి పనిచేసే ప్లాట్‌ఫారాలకి ఇస్తారు. పద్దెనిమిదేళ్ళు దాటినప్పటి ఫొటోలకే అది. సిగ్గుపడి ఆగే అమ్మాయిలు ఉంటారని రాస్తున్నా.

పళ్ళ_డాక్టర్:
నిజమే మేడమ్, నేను ఆలోచించకుండా రాశా.

కరీంనగర్_కుర్రోడు:
అన్నా, నాది ఇంకో రకం. 2021 లాక్‌డౌన్‌లో ఒక లోన్ యాప్‌లో 5 వేలు తీసుకున్నా, చేతికొచ్చింది 3,200, వారంలో కట్టాలె. రెండు రోజులు లేటైతే నా ఫొటో మీద దొంగ అని రాసి ఫోన్‌లో ఉన్న అందరికీ పంపిండ్రు. మా మేనేజర్‌కి, పాలాయనకి, పిల్ల చూపులకు పోయినోళ్ళకి కూడా. నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని, మిగతావాళ్ళకి చేరకముందే నేనే అందరికీ మెసేజ్ పెట్టుడు: "లోన్ యాప్ వాళ్ళు నా పేరు మీద ఏదో పంపుతరు, నమ్మకుండ్రి, పోలీస్ కంప్లైంట్ ఇచ్చిన." మా సార్ ఫోన్ చేసి ఎంత బాకీ అని మాత్రమే అడిగిండు.

తర్వాత కూడా ట్రూకాలర్‌లో నా నంబరుకి పేరు ముందు ఫ్రాడ్ అని వచ్చేది. కస్టమర్‌కి ఫోన్ చేస్తే ఎత్తరు, నాది సేల్స్ ఉద్యోగం. నేను ట్రూకాలర్ వాడను కాబట్టి నాకు కనపడనే లేదు, ఆరు నెలలకి మా అక్క ఫోన్‌లో చూసిన. నా నంబరుతో లాగిన్ అయి పేరు మార్చుకుంటే సరైంది. ఎవరైనా సరే ఒకసారి వేరేవాళ్ళ ఫోన్‌లో మీ నంబరు ఏ పేరుతో వస్తుందో చూసుకోండి. 2022లో రిజర్వ్ బ్యాంకు ఈ యాప్‌లు కాంటాక్టులు ముట్టుకోవద్దని చెప్పింది గానీ దొంగ యాప్‌లకి రిజర్వ్ బ్యాంకు ఎవరు?

క్యాషియర్_కౌంటర్:
నా పేరు కొడితే నా విడాకుల కేసు వస్తుంది. కేసు వేరే జిల్లాకి మార్చమని వేసిన పిటిషన్ మీద హైకోర్టు ఆర్డర్ అది. గెలిచింది నేనే, కానీ అవతలివాళ్ళు నా మీద రాసిన ఆరోపణలన్నీ అందులో పేరాలు పేరాలుగా ఉన్నాయి. కొత్త బ్రాంచిలో చేరిన వారానికే ఒకావిడ "మీ కేసు చదివానండీ" అంది. తీర్పులు పెట్టే సైటుకి రాస్తే కోర్టు ఆర్డర్ తెమ్మన్నారు.

నల్లకోటు:
అమ్మా, మీ విషయం కొంచెం విడమర్చి రాస్తా. హిందూ వివాహ చట్టం సెక్షన్ 22 ప్రకారం ఈ కేసుల విచారణ గది తలుపులు మూసి జరగాలి, వివరాలు అచ్చు వేయకూడదు. కానీ కోర్టు ముందస్తు అనుమతితో వేసిన హైకోర్టు, సుప్రీంకోర్టు తీర్పులకి మినహాయింపు ఉంది. పైగా ఉల్లంఘిస్తే జరిమానా వెయ్యి రూపాయల వరకే. 1955 నాటి వెయ్యి.

2017లో సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కు అంది. 2021లో ఢిల్లీ హైకోర్టు, డ్రగ్స్ కేసులో నిర్దోషిగా బయటపడి కూడా ఉద్యోగం దొరకని ఒకాయన తీర్పుని సెర్చ్‌లో కనపడకుండా చేయమని మధ్యంతర ఆదేశం ఇచ్చింది. 2022 డిసెంబరులో కేరళ హైకోర్టు, కుటుంబ కేసుల్లో కక్షిదారులు కోరితే వాళ్ళ వివరాలు వెబ్‌సైట్‌లో పెట్టొద్దంది. మద్రాసు హైకోర్టు 2024లో ఒక తీర్పు తీసేయమంటే దాని మీద సుప్రీంకోర్టు అదే ఏడాది స్టే ఇచ్చింది. అంటే అందరికీ ఒకే దారి ఇంకా పడలేదు.

మీరు చెయ్యగలిగింది, ఆర్డర్ ఇచ్చిన హైకోర్టులోనే పేర్లు మాస్క్ చేయమని చిన్న అప్లికేషన్ వేయడం. తీర్పు ఉంటుంది, మీ పేరు ఉన్నచోట ఎక్స్, వై లాంటి అక్షరాలు ఉంటాయి. ఇస్తారని గ్యారంటీ ఇవ్వలేను. ఇంకా కేసు వెయ్యనివాళ్ళు ఎవరైనా చదువుతుంటే మాత్రం, మొదటి రోజే మీ లాయర్ చేత ఇది అడిగించండి. తర్వాత అడగడం కంటే చాలా తేలిక. సైటు వాళ్ళకి లీగల్ నోటీసులు పంపి రెచ్చగొట్టొద్దు, ఒక క్లయింటు అలా పంపితే అవతలివాడు ఆ నోటీసునే పోస్టు చేశాడు.

ఫ్రిస్కో_అమ్మ:
ఇక్కడ అమెరికాలో మాకు రివర్సు. అందరూ దాచుకోవాలని చూస్తుంటే మమ్మల్ని తెరవమన్నారు. 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్-1బీ, హెచ్-4 వీసా స్టాంపింగ్‌కి వెళ్ళేవాళ్ళు సోషల్ మీడియా పబ్లిక్‌లో పెట్టాలి కదా. మా ఆయన ఫేస్‌బుక్ 2010 నుంచి ఉంది. మూడు రాత్రులు కూర్చుని యాక్టివిటీ లాగ్ చూశాం. సగం ఫ్యాన్ వార్లు, బూతులతో సహా. మిగతా సగం మా చినమామగారు ప్రతి దేవుడి ఫొటోకీ, ప్రతి పార్టీ ఫ్లెక్సీకీ ఆయన్ని ట్యాగ్ చేసినవి. ట్యాగులు ముందు మన అనుమతి అడిగే సెట్టింగ్ ఒకటుంది, అది పదేళ్ళ క్రితం పెట్టుకోవాల్సింది. ఫారంలో అయిదేళ్ళుగా వాడిన అకౌంట్ల పేర్లు అడుగుతారు, దాచి అబద్ధం రాయకండి. అకౌంట్ మొత్తం తీసేద్దామనుకుంటే ముందు లాయర్‌ని అడగండి, మా లాయర్ వద్దన్నారు.

చిట్టాపద్దు:
అప్‌డేట్. ఛానెల్ వీడియోలన్నీ వెతికితే ఒకదాని కింద నంబరు దొరికింది, ఆ కుర్రాడిదే. ఇప్పుడు పబ్లిక్ టాక్‌లు మానేసి కొంపల్లి వైపు విల్లాల వీడియోలు చేస్తున్నాడు. మామ చెప్పినట్టు టైటిల్ మాత్రమే అడిగా. "సార్, మీరు నిజంగానే సీఏ అయ్యారా?" అని వాడు చాలాసేపు ఆశ్చర్యపోయాడు. తర్వాత ఆగి ఆగి, రిటర్న్‌లు వెయ్యక తన జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ క్యాన్సిల్ అయిందని, బిల్డర్లు బిల్లు లేకుండా డబ్బులివ్వట్లేదని చెప్పాడు. పాత రిటర్న్‌లన్నీ వేసి, ఆ క్యాన్సిలేషన్ ఎత్తేయమని రివోకేషన్ పెడుతున్నాం. టైటిల్ మార్చాడు, రిఫ్రెష్ రిక్వెస్ట్ పెట్టా, నిన్నటి నుంచి నా పేరు కొడితే లింక్డినే ముందు వస్తోంది. మిర్చి వ్యాసం సగం రాశా. ఫైలింగ్ అయిందని వాడికి మెసేజ్ పెడితే థ్యాంక్స్ బదులు ఆ స్టిక్కరే పంపాడు, వెధవ.

పుల్లట్టు:
సార్, ఒక్క నిమిషం. చొక్కా గళ్ళ చొక్కానా? నీలం, తెలుపు? అది మా ఆఫీసు గ్రూపులో రెండేళ్ళ నుంచి వాడుతున్నాం, సోమవారం పొద్దున్న ఎవరో ఒకరు వేస్తారు. ఎవరిదో ఎవరికీ తెలీదు.

చిట్టాపద్దు:
తెలీకుండానే ఉండనీ బాబూ.