చెవికి ఈగల మందు ట్యాగ్: మన పశువులకు పనికొస్తుందా?

భీమిలి పాడిరైతు:
టెక్సాస్ నుంచి మా బావమరిది వీడియో పంపాడు. అక్కడ మాంసం కోసం పెంచే పశువులకు చెవికి మందు ట్యాగులు గుచ్చి బీడుకి వదిలేస్తారట, మూడు నాలుగు నెలలు ఈగల గొడవ ఉండదట. నేను స్ప్రే కొట్టలేక చస్తున్నాను. తెప్పించుకుంటే ఎలా ఉంటుంది?

ఆనందపురం రాజు:
మనవాటికి పసుపు ట్యాగ్ ఉందిగా అన్నా, ఇంకోటి తగిలిస్తే పోయేదేముంది?

పెందుర్తి పశువైద్యుడు:
పసుపు ట్యాగ్ 12 అంకెల గుర్తింపు నంబరు మాత్రమే, అందులో మందుండదు. అసలు ప్రశ్న ఏ ఈగ అన్నది. అమెరికావాళ్ల బాధ హార్న్ ఫ్లై. ఇంటి ఈగలో సగం ఉంటుంది, రాత్రింబవళ్లు పశువు వీపునే అంటిపెట్టుకుని రక్తం తాగుతుంది, గుడ్లు పెట్టడానికి మాత్రం పచ్చిపేడ మీదికి దిగుతుంది. ట్యాగులోని మందు వెంట్రుకల జిడ్డుతో ఒళ్లంతా పాకుతుంది కాబట్టి అది చస్తుంది. మన సాలల్లో ఎక్కువగా పీడించేది కాళ్లను కుట్టే ఈగ. నాలుగు నిమిషాలు తాగి గోడెక్కేస్తుంది. చెవి మందు దాన్నేం చేస్తుంది? మూత్రంతో తడిసి కుళ్లిన గడ్డిలో పుడుతుంది, ముందు ఆ గత్తం ఎత్తించండి.

భీమిలి పాడిరైతు:
గత్తం మాట సరే గానీ డాక్టరుగారూ, మావి పగలంతా కొండవాలున మేస్తాయి. సాయంత్రం వచ్చేసరికి మూపురం చుట్టూ నల్లగా ఈగల గుంపు, ఈగలన్నీ తల కిందికి పెట్టుకుని కూర్చుంటాయి. పశువులు కాళ్లు తన్నుకోవడం లేదు.

పెందుర్తి పశువైద్యుడు:
అలాగైతే హార్న్ ఫ్లై చుట్టం బఫెలో ఫ్లై అయ్యుండొచ్చు, అది ఆసియాలోనూ ఉంది. మీ విషయంలో ట్యాగ్ ఆలోచన తప్పు కాదు. కానీ అక్కడివాళ్లు కూడా ఒక్కో పశువు మీద 200 ఈగలు దాటాకే వేస్తారు, సీజన్ అవగానే కోసి తీసేస్తారు. పాతది వేలాడుతూ ఉంటే చాలీచాలని మందుకి ఈగలు అలవాటు పడిపోతాయి. 1980 ప్రాంతంలో ఈ ట్యాగులు వస్తే, కొన్నేళ్లకే వాటిలో వాడిన పైరెథ్రాయిడ్ రకం మందులకి ఈగలు లొంగడం మానేశాయి.

ఆనందపురం రాజు:
మరి పాలు?

పెందుర్తి పశువైద్యుడు:
అదే నా అభ్యంతరం. డయాజినాన్, అబామెక్టిన్ అనే మందులున్న ట్యాగులు అక్కడే పాలిచ్చేవాటికి వేయనివ్వరు. సూట్‌కేసులో తెప్పించి చూలు ఆవుకో, పాడి గేదెకో గుచ్చుతానంటే నేను ఒప్పుకోను.

భీమిలి పాడిరైతు:
నావి రెండు ఎడ్లు, మూడు పెయ్యలు. పాలిచ్చేవాటిని కలపను. లేబుల్ ఫొటో తెప్పించి పెడతాను, చూసి చెప్పండి.